పాత ఫోటోలో ముత్తాతగారి మిలటరీ డ్రెస్సు: ఏ పటాలం, ఏ హోదా, ఏ కాలం?

ట్రంకు పెట్టె అడుగున దొరికిన ఫోటోలో ముత్తాత ఖాకీలో నిటారుగా నిలబడి ఉంటాడు. "మిలటరీలో కెప్టెన్ చేశాడట" అన్న ఒక్క మాట తప్ప ఇంట్లో ఎవరికీ ఇంకేమీ తెలియదు. ఆ మాటను కాసేపు పక్కన పెట్టండి. ముందే ఒకటి నమ్మి చూస్తే మసకబారిన ప్రతి బిళ్ళా దానికి తగ్గట్టే కనబడుతుంది.

మొదట మంచి స్కాన్ కావాలి. పోస్టుకార్డు సైజు ఫోటో అయితే 1200 డీపీఐ, అంతకు పెద్దదైతే 600 చాలు. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్ మోడ్‌లోనే, టిఫ్ ఫైలుగా దాచండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి: స్టూడియో ముద్ర బెంగళూరుదా, సికింద్రాబాదుదా, కైరోదా, బస్రాదా అన్నది సగం కథ చెబుతుంది. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, బొమ్మ ఉన్న పొర అద్దంతోనే ఊడి వస్తుంది. అద్దం మీదుగానే, ఫ్లాష్ లేకుండా, పక్కనుంచి వెలుతురు పడేలా ఫోటో తీసుకోండి. ముఖాలను పదునుపెట్టే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. మసక బిళ్ళ ఉన్నచోట అవి తమకు తోచిన అక్షరాలు గీసిపెడతాయి, అక్కడినుంచి వెతుకులాటంతా దారి తప్పుతుంది.

బొమ్మ తిరగబడి ఉందేమో కూడా చూడండి. పతకాలు తొడుక్కున్నవాడి ఎడమ రొమ్ము మీద ఉండాలి, చొక్కా ఎడమ అంచు కుడి అంచు పైకి రావాలి. రెండూ తారుమారైతే నెగటివును తిప్పి ముద్రించారన్నమాట. అప్పుడు బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి పని మొదలుపెట్టండి.

ఖాకీ వేసినవాళ్ళంతా సైనికులు కారు. పోలీసులు, అటవీశాఖవాళ్ళు, రైల్వేవాళ్ళు కూడా ఖాకీవాళ్ళే. పోలీసు హెడ్ కానిస్టేబులుకూ చేతి మీద మూడు పట్టీలే ఉంటాయి. భుజం నుంచి నడుముకు అడ్డంగా పట్టా, దానిమీద పెద్ద ఇత్తడి బిళ్ళ కనిపిస్తే అది బహుశా కలెక్టరాఫీసు డవాలు బంట్రోతు ఫోటో.

సైన్యమే అనిపిస్తే ముందు చేతులు చూడండి. మోచేతికి పైన, కొన కిందికి ఉన్న వి ఆకారపు పట్టీ ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దారు. అశ్వికదళంలో ఆ మూడు పట్టీలవాణ్ణే డఫేదారు అంటారు. మోచేతికి కింద, కొన పైకి తిరిగిన పట్టీలు హోదా కాదు, సర్వీసుకో సత్ప్రవర్తనకో ఇచ్చినవి. ముంజేతి దగ్గర నిలువుగా సన్నని కడ్డీ ఉంటే అది యుద్ధంలో తగిలిన గాయానికి గుర్తు, ఒక్కో గాయానికి ఒక్కో కడ్డీ.

తర్వాత భుజాలు. కుటుంబాల్లో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. జమేదారు, సుబేదారు అంటే హవల్దారుకు పైన, లెఫ్టినెంట్లకు కింద ఉండే భారతీయ అధికారులు. ఒక నక్షత్రం ఉంటే జమేదారు కావచ్చు, సెకండ్ లెఫ్టినెంట్ కూడా కావచ్చు. రెండుంటే సుబేదారు, లేదా లెఫ్టినెంట్. కిరీటం ఒక్కటే ఉంటే సుబేదార్ మేజర్, లేదా మేజర్. రెండో ప్రపంచ యుద్ధం మధ్యనుంచి జమేదారు, సుబేదార్ల నక్షత్రాల కింద అడ్డంగా ఒక రంగుల పట్టీ వచ్చింది. అది కనబడితే అనుమానం తీరినట్టే. అంతకుముందు ఫోటో అయితే వయసు చూడండి. నలభై దాటి ఒకే నక్షత్రంతో ఉన్నవాడు సాధారణంగా జమేదారే. కెప్టెన్‌కు మూడు నక్షత్రాలు ఉండాలి. జమేదారు హోదాను 1965లో నాయబ్ సుబేదారుగా మార్చారు కాబట్టి పాత కాగితాల్లో పాత పేరుతోనే వెతకాలి.

పటాలం పేరు భుజం పట్టీ చివర, చేతి కుట్టు దగ్గర ఇత్తడి అక్షరాల్లో ఉంటుంది. స్కాన్‌లో ఆ ఒక్క భాగాన్నే పెద్దది చేసి, వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ చూడండి. 1922కు ముందైతే ఒట్టి అంకె ఉండొచ్చు: 79 అంటే 79వ కర్ణాటిక్ ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం), 83 అంటే వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫాంట్రీ. 1922లో ఇలాంటి మద్రాసు పటాలాలు కొన్ని కలిసి 3వ మద్రాస్ రెజిమెంట్ అయ్యాయి. 1928కల్లా దాని రెగ్యులర్ పటాలాలను రద్దు చేసి, యుద్ధం వచ్చాక 1941-42లో మళ్ళీ నిలబెట్టారు. అందువల్ల 1935 నాటి ఫోటోను చూపించి "మద్రాస్ రెజిమెంటు సిపాయి" అంటే వెంటనే ఒప్పుకోకండి. ఆ మధ్యకాలంలో తెలుగువాడు టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ సైనికుల) పటాలంలోనో, బెంగళూరులోని ఇంజనీరింగ్ దళం మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్‌లోనో, సప్లై విభాగంలోనో ఉండే అవకాశమే ఎక్కువ.

తెలంగాణ కుటుంబాలను ముప్పుతిప్పలు పెట్టేది "హైదరాబాద్" అన్న పేరు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నిజాం సైన్యం కాదు. అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది, అందులో ఎక్కువమంది కుమావూన్, జాట్, అహీర్ సిపాయిలు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సేనలు వేరు, వాటి కాగితాలు ఉండేదీ వేరేచోట.

కాలం పట్టుకోవడానికి రొమ్ము మీది పతకాల రిబ్బన్లను మించినవి లేవు, కానీ నలుపు తెలుపులో అవి మోసం చేస్తాయి. 1920ల దాకా స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ఫోటో ప్లేట్లకు ఎరుపు అందదు. ఎరుపు, నారింజ నల్లగా పడతాయి, నీలం తెల్లబోతుంది. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ రిబ్బనుకు మధ్యలో వెడల్పాటి నారింజ, దాని పక్కన తెలుపు, నలుపు, అంచుల్లో నీలం. ఫోటోలో నడుమ ముదురుగా, అంచులు తేలిపోయి కనిపిస్తాయి. దాని పక్కనే ఇంద్రధనుస్సు రంగుల విక్టరీ మెడల్ ఉంటే ఫోటో మొదటి యుద్ధం తర్వాతిదే. నడుమ వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలాల మధ్య సన్నని నారింజ గీత ఉంటే బర్మా స్టార్, అది 1945లో పెట్టింది. ఇండియా సర్వీస్ మెడల్ 1946ది. బిళ్ళ మీద కిరీటం ఉంటే 1950 జనవరికి ముందు, మూడు సింహాలుంటే ఆ తర్వాత.

చేతిపైన గుడ్డ మీద బొమ్మ ఉంటే అది డివిజను (చాలా పటాలాలు కలిసిన పెద్ద సేనా విభాగం) గుర్తు: నల్లపిల్లి 17వది, ఎర్రగద్ద 4వది, పందెంకోడి 23వది. అది యుద్ధం ఎక్కడ చేశాడో చెబుతుందేగానీ పటాలం ఏదో చెప్పదు. తలపాగా, టోపీలను చివరికి వదిలేయండి. స్టూడియోలో అరువు టోపీ పెట్టుకోవడం మామూలే.

అసలు పతకాలు ఇంట్లో ఉంటే ఫోటో కన్నా ముందు వాటినే చూడాలి. మొదటి యుద్ధపు పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. బ్రాసోతో తోమొద్దు, ఆ అక్షరాలు అరిగిపోతాయి.

ఇక కాగితాలు. మద్రాస్ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, శాపర్స్‌ది బెంగళూరులో. నిజాం కాలపు దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. యుద్ధంలో చనిపోయినవాడైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు, బతికి వచ్చినవాళ్ళ పేర్లు అందులో ఉండవు. ఎక్కడికి రాసినా సర్వీసు నంబరు లేకపోతే పని జరగడం కష్టం. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితం, పాత మనీయార్డరు రసీదు, వీటిలో ఏది దొరికినా నంబరు కోసం చూడండి. ఉత్తరంలో తండ్రిపేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా రాయండి, ఇప్పటి జిల్లా కాదు. పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగులు కనీసం మూడు ఇవ్వండి. "వెంకటస్వామి"ని ఆనాటి గుమాస్తా ఎన్ని రకాలుగా రాసి ఉంటాడో ఊహించి, అన్నీ ఇచ్చినా తప్పులేదు.