శంషాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? ఇంట్లనే ఇట్ల లెక్క చేస్కోండి

మా హన్మకొండల ఏ గల్లీ జూసినా అమెరికాల పిల్లలున్న ఇల్లు ఒకటన్న ఉంటది, వాళ్ల అమ్మానాన్నలు పోయేటప్పుడు అడిగేది ఒక్కటే, "ఎన్ని గంటలు కూసోవాలె బిడ్డా" అని. మా పెద్దమ్మ టికెట్ల పొద్దుగాల 4కు ఎక్కి అదే రోజు సాయంత్రం 4కు దిగుడు అని జూసి పన్నెండు గంటలే కదా అనుకున్నది, బీపీ గోళీలు పెద్ద సూట్‌కేసుల వేసింది. అసలు ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు. అందుకే ఈ లెక్క అందరికీ రావాలె.

ముందు దూరం. గోడ మీది మ్యాపు నమ్మకండి, భూమి గుండ్రంగ ఉంటది కాబట్టి గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం గట్టిగ లాగి పట్టండి, అది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతది. గ్లోబు లేకపోతే గూగుల్ ఎర్త్‌ల స్కేలు గుర్తు నొక్కి రెండు ఎయిర్‌పోర్టుల మీద పెట్టండి, సుమారు 14,400 కిలోమీటర్లు వస్తది.

కానీ మధ్యల విమానం మారుతున్నరంటే ఆ దూరం పనికిరాదు, ఒక్కో ముక్క విడిగ కొలవాలె. దుబాయ్ మీదికెళ్లి అయితే ఇక్కడ్నించి దుబాయ్‌కి 2,550, అక్కడ్నించి డాలస్‌కు 12,900 దాకా, మొత్తం 15,450. పెద్ద విమానాలు గంటకు 850 నుంచి 900 కిలోమీటర్లు పోతయి, దాంతోని భాగించి ఎక్కుడు దిగుడుకు ఒక్కో విమానానికి అర్ధగంట కలపండి. పైన గాలులు పడమర నుంచి తూర్పుకు కొడ్తయి, అందుకే చాలా రూట్లల్ల పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ టైమ్ తేడా ఉంటది.

అసలు చిక్కు గడియారం కాడ. టికెట్ల ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ వాళ్లది. డాలస్ మనకన్న ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు వెనక ఉంటది (వాళ్లు మార్చిల, నవంబర్ల గడియారం మారుస్తరు). ఎండాకాలంల మనకు సోమవారం పొద్దుగాల 4 అంటే అక్కడ ఆదివారం సాయంత్రం 5:30. అక్కడ్నించి సోమవారం సాయంత్రం 4 దాకా లెక్కపెట్టండి, 22:30 గంటలు, ఇండ్లనే దుబాయ్‌ల ఆగే టైమ్ గూడ ఉన్నది. పూటపూటకు వేస్కునే మందులు ఈ గంటల లెక్కన చేతిసంచిల పెట్టుకోండి, దిగినంక ఇంటికి పోయేదాకా సరిపోవాలె.

ఇంకోటి, తారీఖు. 15న పొద్దుగాల 4కు ఫ్లైట్ అంటే 15 రాత్రి కాదు, 14 రాత్రే. శంషాబాద్‌కు ఇక్కడ్నించి కారుల మూడున్నర గంటలు పట్టుకోండి, మూడు గంటల ముందు అక్కడుండాలె, అంటే 14న రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లకెళ్లి వెళ్లాలె, బువ్వ ఎనిమిదికే తినేయండి.