కొత్త దేశంలో చేతికొచ్చే కాగితాలు: చదివే ముందు అమరిక చూడండి

కొత్త దేశంలో దిగిన మొదటి వారాల్లోనే అద్దె ఒప్పందం, బ్యాంకు షరతులు, ఇన్సూరెన్స్ ఉత్తరాలు, పిల్లల స్కూలు నోటీసులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా వీటి దగ్గర తడబడతారు. మాటలన్నీ తెలిసినవే అయినా, ఏ సంగతి ఎక్కడ పెడతారో తెలియక ఇబ్బంది పడతారు.

కాబట్టి ముందు ఒక్క నిమిషం పైపైన చూడండి: శీర్షికలు, లావు అక్షరాలు, పట్టికలు, ప్రతి పేరాలో మొదటి వాక్యం. సమాచారం చెప్పే రాతల్లో ఎక్కువగా కనిపించే అమరికలు అయిదు: వర్ణన, వరుసక్రమం, కారణం-ఫలితం, పోలిక-తేడా, సమస్య-పరిష్కారం. నెక్స్ట్, ఆఫ్టర్ ఉంటే వరుస. డ్యూ టు, యాజ్ ఎ రిజల్ట్ ఉంటే కారణం. హవెవర్, అన్‌లైక్ ఉంటే తేడా. పెద్ద కాగితంలో ఇవన్నీ కలిసే ఉంటాయి, అందుకే పేరా పేరాకీ విడిగా చూసుకోవాలి.

ఈ గుర్తుమాటల్నే నమ్ముకుంటే దెబ్బతింటారు. సిన్స్ ఒకచోట 'అప్పటినుంచి', మరోచోట 'కాబట్టి'. ఫస్ట్, సెకండ్ అని రాసినంత మాత్రాన అవి ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులని కాదు, వట్టి కారణాల జాబితా కావచ్చు. రెండింటినీ తారుమారు చేసి చదవండి. అర్థం చెడకపోతే జాబితా, చెడితే క్రమం.

దరఖాస్తుకు జవాబుగా వచ్చే ఉత్తరంలో సాధారణంగా నిర్ణయం ముందు, దాని కారణాలు తర్వాత, మీరు చేయగలిగింది చివర ఉంటాయి. చాలామంది 'అన్‌ఫార్చునేట్లీ' కనబడగానే ఉత్తరం మడిచేస్తారు. అప్పీలు దారి, గడువు, జతచేయాల్సిన కాగితాలు ఉండేది ఆ తర్వాతే, ఒక్కోసారి వెనక పేజీలో. గడువును ఉత్తరం మీది తేదీ నుంచి లెక్కిస్తారా, మీకు అందిన రోజు నుంచా అన్నది తప్పక చూడండి.

అసలు జాగ్రత్త కావాల్సింది ఒప్పందాల దగ్గర. మొదట్లో డెఫినిషన్స్ భాగం ఉంటే దాన్ని దాటేయకండి. అక్కడ అర్థం చెప్పిన మాట ఆ తర్వాత పెద్దక్షరంతో ఎక్కడ కనిపించినా ఆ అర్థమే వర్తిస్తుంది. నియమం ఒకచోట, మినహాయింపు పది పేజీల అవతల ఉండటం మామూలే. 'సబ్జెక్ట్ టు సెక్షన్ 12' అని ఉంటే 12వ సెక్షన్‌దే పైచేయి. 'నాట్‌విత్‌స్టాండింగ్ సెక్షన్ 12' అంటే సరిగ్గా తిరగబడుతుంది, ఇక్కడ రాసిందే చెల్లుతుంది.

వాక్యం లోపలా ఇదే చిక్కు. మనం షరతు ముందు చెబుతాం: 'ఇల్లు శుభ్రంగా అప్పగిస్తే అడ్వాన్సు తిరిగిస్తారు.' ఇంగ్లీషు ఒప్పందం తరచూ అడ్వాన్సు తిరిగిస్తామని ముందే చెప్పేసి, 'అన్‌లెస్', 'ప్రొవైడెడ్ దట్', 'ఎక్సెప్ట్' అంటూ షరతును వాక్యం చివర పెడుతుంది. సగంలో హమ్మయ్య అనుకున్నవాళ్లే తర్వాత గొడవపడతారు. ఫుల్‌స్టాప్ దాకా చదవండి.

ఫారాలు నింపేటప్పుడు పేజీలో ముందున్న పని చేతల్లోనూ ముందే రావాలని లేదు. పేరు కింద సంతకం గడి ఉంటుంది; సాక్షి ఎదుటే సంతకం చేయాలన్న మాట ఆఖరి పేజీలో ఉంటుంది. ఇంట్లో సంతకం చేసి తీసుకెళ్తే ఫారం మళ్లీ మొదటినుంచి నింపాల్సి రావచ్చు.

వార్తలతో ఇంత తంటా లేదు. ముఖ్యమైనది మొదటి పేరాల్లోనే ఉంటుంది, పూర్వాపరాలు కింద. అభిప్రాయ వ్యాసంలో మాత్రం ఎదుటిపక్షం వాదన ముందు వచ్చి, రచయిత సొంత మాట 'బట్' తర్వాత మొదలవ్వచ్చు.

కొన్నాళ్లపాటు ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో తెలుగులో ఒక్క మాట రాసుకోండి: నిర్ణయం, కారణం, షరతు, చేయాల్సింది, గడువు. మీరేదో చేయాలని ఉన్న ఉత్తరంలో 'గడువు' అని ఎక్కడా రాయలేకపోతే వెనక వైపు, జతచేసిన కాగితాలు మరోసారి చూడండి. అక్కడా లేకపోతే పైన ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, రిఫరెన్స్ నంబరు చెప్పి అడిగి తెలుసుకోండి.