ర్యాంపు నుంచి రేటు చీటీ దాకా – 4వ పాఠం: తిరగేసి చూడటం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఏదో ఒక ర్యాంప్ షో వీడియో పెట్టుకుని, మొదటి పది లుక్కుల్లో మళ్ళీ మళ్ళీ కనబడేది ఏమిటో ఒక్క వాక్యంలో రాయమన్నాను. "ఎరుపు ఎక్కువగా ఉంది" అని రాసి ఆపేసినవాళ్ళు దయచేసి ఇంకోసారి చూడండి. రంగు ఎవరికైనా ముందే కనబడుతుంది, దానికి మార్కులు లేవు. భుజం ఎక్కడ ఆగింది, నడుము ఎక్కడ మొదలైంది, మనిషి నడుస్తుంటే గుడ్డ ఊగుతోందా, అట్టముక్కలా నిలబడుతోందా... ఇలాంటివి రాశారంటే ఈ పాఠానికి మీరు సిద్ధం.

ఇప్పటిదాకా తెర మీదే చూశాం. ఇవాళ దుకాణంలోకి వెళ్దాం. పెద్ద డిజైనర్ పేరూ, మాల్‌లో దొరికే మామూలు బ్రాండు పేరూ ఒకే లేబుల్ మీద పక్కపక్కన కనబడతాయి చూడండి, వాటినే కొలాబరేషన్ కలెక్షన్లు అంటున్నారు. అలాంటి బట్ట చేతికొచ్చినప్పుడు, ర్యాంపు మీది డిజైనర్ పనిలో ఎంత మన దాకా దిగిందో చెప్పగలగాలి. ఈ పాఠంలో నేర్చుకునేది అంతే.

ఫోన్ పరీక్ష

డిజైనర్ ముద్ర రెండు చోట్ల ఉంటుంది. ఒకటి గుడ్డ పైన: అచ్చు, రంగు, బొమ్మ, లోగో. రెండోది కత్తిరింపులో: ముక్కలు ఎలా కోశారు, ఎలా కలిపారు, ఒంటి మీద ఎలా నిలబడుతుంది అన్నది. ఏ డిజైనర్ ఎటువైపో తేల్చుకోవడానికి నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. ఆ డ్రెస్ గురించి మీ టైలర్‌కి ఫోన్‌లో చెప్పి, వాట్సాప్‌లో ఒక ఫోటో పంపితే, దాదాపు అదే వస్తుందా? వస్తుందంటే ముద్ర పైన ఉంది. "లేదమ్మా, పీస్ తీసుకురండి, విప్పి చూడాలి" అన్నాడంటే ముద్ర కత్తిరింపులో ఉంది.

పైన ఉన్నది చవగ్గా దిగుతుంది. కత్తిరింపులో ఉన్నది దిగదు, దిగినా కుంటుకుంటూ దిగుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు, షాపులో సగం హడావుడి తగ్గిపోతుంది.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడతాను. మిస్సోని ఇటలీ సంస్థ. ఒట్టావియో, రోజిటా మిస్సోని దంపతులు 1953లో గల్లరాతే అనే ఊళ్ళో మొదలుపెట్టిన అల్లిక బట్టల పని. వాళ్ళ జిగ్‌జాగ్ గీతలు చూడగానే గుర్తుపట్టేంత ప్రత్యేకం. అసలు బట్టలో ఆ గీత అచ్చు వేసింది కాదు, రాషెల్ అనే అల్లిక యంత్రం మీద దారాలు నడిచే తీరులోంచే పుట్టింది. అయితే చూసే కంటికి అది గీతే కదా. 2011 సెప్టెంబరు 13న అమెరికాలో టార్గెట్ అనే గొలుసు దుకాణం మిస్సోని పేరుతో సుమారు 400 రకాల సరుకు దింపింది. స్వెట్టర్లే కాదు, పళ్ళేలు, దుప్పట్లు, చివరికి ఒక సైకిలు కూడా. జనం తాకిడికి ఆ రోజు వాళ్ళ వెబ్‌సైటు కూలిపోయింది. సైకిలు మీదికి ఎక్కగలిగిన ముద్ర ఎలాంటిదో ఇక నేను చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాది హెచ్ అండ్ ఎం అనే చవక బట్టల గొలుసు దుకాణం మార్జియెలా సంస్థతో కలిసింది. ఇది ఎదురు దారి. మార్టిన్ మార్జియెలా బెల్జియం మనిషి, షోల తర్వాత ముందుకొచ్చి దండం పెట్టడం కూడా ఇష్టం లేనివాడు. ఆయన పనంతా కత్తిరింపే. ఆ కలెక్షన్‌లో కొత్త డిజైన్లు పెట్టలేదు. మార్జియెలా సంస్థ పాత షోల్లోని బట్టలనే మళ్ళీ కుట్టించారు, ఏ సీజనువో లేబుల్ మీద రాశారు. అందులో ఒక కోటు ఉంది, అచ్చం మన బొంతకి చేతులు కుట్టినట్టు. ఫోన్లో చెబితే టైలర్ నవ్వుతాడు. తొడుక్కుంటేనే తెలుస్తుంది, బొంత భుజం మీద నిలబడటానికి ఎంత లెక్క ఉందో. నా దృష్టిలో ఈ కొలాబరేషన్ల చరిత్రలో నిజాయితీగా ఉన్న పని అదే. నచ్చనివాళ్ళు కూడా చాలామందే ఉంటారు, అది వేరే సంగతి.

కాస్త వెనక్కి

ఈ ఆలోచన మొదట ఒక మనిషిని ముంచింది. అమెరికా డిజైనర్ హాల్స్టన్ 1980ల మొదట్లో జేసీ పెన్నీ అనే మధ్యతరగతి దుకాణాలకి బట్టలు గీస్తానని ఒప్పుకున్నాడు. వెంటనే న్యూయార్క్‌లోని ఖరీదైన బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ దుకాణం ఆయన బట్టల్ని తీసేసింది. "నలుగురికీ దొరికేదైతే మాకెందుకు" అన్న లెక్క. ఇరవయ్యేళ్ళకి గాలి మారింది. 2003లో ఐజాక్ మిజ్రాహీ అనే డిజైనర్ టార్గెట్‌కి గీశాడు. 2004 నవంబరులో కార్ల్ లాగర్‌ఫెల్డ్ హెచ్ అండ్ ఎంకి గీశాడు. అప్పటికి ఆయన షనెల్ అనే ఖరీదైన ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థకి పెద్ద తలకాయ. పెద్ద ఊళ్ళలో సరుకు గంటల్లో ఊడ్చుకుపోయింది. తక్కువ కుట్టించారని తర్వాత ఆయనే సణిగాడు. ఆ కలెక్షన్లో నలుపు తెలుపులు ఎక్కువ, టీషర్టు మీద ఆయన బొమ్మ. అంటే మనిషే లోగో అయిపోయాడు. మన ఫోన్ పరీక్షలో ఇది ఏ వైపు పడుతుందో మీరే రాసుకోండి.

కిందికి దిగేటప్పుడు ఏం రాలిపోతుంది?

డిజైనర్ ఇచ్చేది గీతలు, అచ్చు నమూనాలు, పేరు. గుడ్డ కొనేది, ఫ్యాక్టరీ వెతికేది, కుట్టించేది పెద్ద బ్రాండే. ర్యాంపు మీద ఒక డ్రెస్సుకి ఒకే కొలత, ఆ మోడల్ కొలత. షాపులో అదే డ్రెస్సు ఎక్స్‌ఎస్ నుంచి ఎక్స్‌ఎల్ దాకా కావాలి. కొలత మారిన ప్రతిసారీ ఒంపులు మార్చాలి, ఒంపు ఎంత చిక్కుగా ఉంటే మార్చడం అంత కష్టం. దాంతో ముందు ఒంపుల్నే తేలిక చేస్తారు.

రెండోది గుడ్డ. ఫ్యాక్టరీలో గుడ్డ పొరలు పొరలుగా పరిచి, ముక్కల్ని కంప్యూటర్ మీద ఇరికించి అమరుస్తారు. పీసుకి జానెడు గుడ్డ మిగిలినా వేల పీసులకి అది పెద్ద డబ్బు. ఏటవాలుగా కోసిన గుడ్డ అందంగా జారుతుంది గానీ చాలా వృథా అవుతుంది. కాబట్టి ఏటవాలు కోత పోతుంది, ఘేరు, అంటే కింది అంచు చుట్టుకొలత, తగ్గుతుంది. అనార్కలి కుట్టించుకున్నవాళ్ళకి ఇది కొత్త విషయమేం కాదు. పదహారు కలీలని (కిందికి వెడల్పయ్యే నిలువు ముక్కలని) బేరం మొదలై, గుడ్డ చాలక పన్నెండుకి, చివరికి ఎనిమిదికి దిగుతుంది. ఫోటోలో రెండూ ఒకలాగే ఉంటాయి. గిర్రున తిరిగితే తేడా బయటపడుతుంది.

ఇప్పుడు మన దేశం సంగతి, ఇక్కడ కాస్త ఆగుదాం

2021 ఆగస్టు 12న డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ, హెచ్ అండ్ ఎం కలిసి 'వాండర్‌లస్ట్' పేరుతో కలెక్షన్ దింపారు. కోవిడ్ వల్ల ముందు అనుకున్నదానికంటే ఆలస్యమైంది. ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోయింది. అందులో ఒక చీర ఉంది, ధర 9,999 రూపాయలు. లక్షలు పలికే పెళ్ళి లెహంగాల మనిషి చీర పదివేల లోపు అంటే ఆత్రం సహజమే, నాకూ కలిగింది.

కొద్ది రోజులకే చేతిపని సంస్థలు కొన్ని కలిసి ఒక బహిరంగ లేఖ రాశాయి. వాళ్ళ బాధ ఇది: కలెక్షన్ అంతా భారతీయ కళల పేరు చెప్పుకుంటోంది, రాజస్థాన్‌లోని సంగానేర్ అచ్చు పనిని తలపించే పూలున్నాయి, కానీ ఇది ఆ కళాకారుల చేతుల్లో తయారైంది కాదు, వాళ్ళకి దక్కిందేమీ కనబడటం లేదు. భారతీయ డిజైన్‌ని ప్రపంచం ముందు నిలబెట్టడమే తన ఉద్దేశమని సబ్యసాచి జవాబిచ్చాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. న్యాయం తేల్చే పని ఈ పాఠానిది కాదు. మనం చీరని చూద్దాం.

చీరకి కత్తిరింపు లేదు. భుజం లేదు, చంక లేదు, కాలర్ లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డ, అంతే. చీరలో ఉన్నదంతా నేతలోనూ, పైన చేసిన పనిలోనూ ఉంటుంది. గౌనులో అచ్చు యంత్రం వేసినా కనీసం కోత మిగులుతుందని ఆశ పెట్టుకోవచ్చు. చీరలో అచ్చు యంత్రానిదైతే మిగిలేవి గీసిన నమూనా, పేరు. నమూనాకి విలువ లేదనను, మంచి పువ్వు గీయడం మాటలు కాదు. కానీ మన వైపు చీర కొనేటప్పుడు ఎవరూ పువ్వు ఒక్కటే చూసి డబ్బులివ్వరు. మా అమ్మయితే ముందు కొంగు తిరగేస్తుంది, ఆ తర్వాతే ధర అడుగుతుంది. ఈ పాఠానికి పేరు అక్కడి నుంచి వచ్చిందే.

కొంగు తిరగేసే విద్య

పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు వేసి రంగు అద్దుతారు, తర్వాత నేస్తారు. కాబట్టి రెండు వైపులా ఒకే రంగు. బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టు, నీళ్ళలో తడిసినట్టు ఉంటాయి. అచ్చు వేసిన 'ఇక్కత్' అయితే వెనక వెలిసిపోయి కనబడుతుంది, అంచులు గీత గీసినట్టు ఉంటాయి.

కలంకారీ ఇంకొంచెం తిరకాసు. పెడనలో చెక్క అచ్చులతో చేసే పనిలో రంగు గుడ్డలోకి ఇంకుతుంది, వెనక్కి కూడా దిగుతుంది. కానీ యంత్రం మీద వేసే కొన్ని రంగులు కూడా వెనక్కి దిగుతాయి, అందుకని వెనక వైపు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. మూరెడు పొడవున ఒకే పువ్వుని వెతికి పట్టుకోండి. చేత్తో అద్దిన అచ్చు ఒకచోట వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, ఒకచోట రంగు కొంచెం ఎక్కువ తాగుతుంది, రెండు అచ్చులు కలిసే దగ్గర సన్నని సందో, కొద్దిగా ఎక్కిందో కనబడుతుంది. పది పూలూ పది కవల పిల్లల్లా ఉన్నాయంటే చెయ్యి పడలేదన్నమాట. యంత్రం అచ్చు కొనడం తప్పేమీ కాదు, నేనూ కొంటాను. యంత్రం అచ్చుని చేతి కలంకారీ ధరకి కొనకూడదంతే.

ట్రయల్ రూమ్‌లో అయిదు నిమిషాలు

ముందు నా పరువు తక్కువ సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద పేరున్న కొలాబరేషన్‌లో గీతల చొక్కా కొన్నాను. ఏ పేరో వదిలేయండి. జేబు మీద గీత, చొక్కా గీతతో వేలెడు తేడాలో ఉంది. షాపు లైట్లలో చూసుకోలేదు, పేరు చూసి మురిసిపోయాను. మొదటి ఉతుక్కే పక్క కుట్టు మెలి తిరిగి బొడ్డు వైపు వచ్చేసింది. పడుగు నూలు, అంటే నేతలో నిలువుగా నడిచే దారం, చొక్కా నిలువుకి సరిగ్గా ఆనకుండా కోస్తే అలాగే అవుతుంది. కోసినప్పుడు వంకర కనబడదు, నీళ్ళు తగిలాక గుడ్డ తన దారికి తాను పోతుంది.

అందుకే ఇప్పుడు చొక్కాని రెండు భుజాల దగ్గర పట్టుకుని గాల్లో వదులుగా వేలాడదీస్తాను. పక్క కుట్టు నిటారుగా కిందికి జారాలి. తర్వాత గీతలు, గళ్ళు. జేబు దగ్గర, గుండీల పట్టీ దగ్గర, పక్క కుట్టు దగ్గర కలిశాయా? మూడు చోట్లా కలిస్తే గుడ్డకి డబ్బు పెట్టారన్నమాట, ఎందుకంటే గీత కలపాలంటే గుడ్డ వృథా అవ్వక తప్పదు. జేబు దగ్గర మాత్రమే కలిసిందంటే కంటికి కనబడే చోట జాగ్రత్త పడ్డారు.

అప్పుడు లోపలి వైపు తిప్పండి. కుట్టు పక్కన వదిలిన మార్జిన్ ఎంత? లావైతే వదులు చేసుకోవడానికి వీలుందా, లేక ఓవర్‌లాక్ వేసి అంచు దాకా కోసేశారా? బొటనవేలు కుట్టు మీద ఆనించండి, దాని వెడల్పు సుమారు అంగుళం. ఆ మేరలో కుట్లు లెక్కపెట్టండి. పది, పన్నెండు ఉంటే ఫర్వాలేదు. ఏడెనిమిదే ఉంటే త్వరత్వరగా లాగించేశారు. కాజా వేలితో తడిమి చూడండి, దారం పోగులు లేస్తున్నాయేమో. చివర్న లోపలి చీటీ. ర్యాంపు మీద పట్టు అని విన్నది ఇక్కడ పాలిస్టర్ అయ్యిందా అన్నది దాని మీదే ఉంటుంది. డిజైనర్ పేరు పెద్దక్షరాల్లో మెడ దగ్గర ఉంటుంది, ఈ చీటీ మాత్రం పక్క కుట్టులో నడుము దగ్గర దాక్కుంటుంది.

సేల్స్ అమ్మాయి వింతగా చూస్తే చూడనివ్వండి.

ఈ వారం పని

బీరువాలోంచి మూడు బట్టలు తీయండి. ఒకటి టైలర్ కుట్టింది, ఒకటి మాల్‌లో కొన్నది, ఒకటి పండక్కి ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది. మూడింటికీ బొటనవేలి లెక్క, మార్జిన్, వేలాడదీసే పరీక్ష చేసి నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. ధర చివర్లో రాయండి, ముందు రాస్తే చెయ్యి అటే మొగ్గుతుంది. తర్వాత ఫోన్ పరీక్షకి మీకు నచ్చిన ఒక డిజైనర్‌ని తీసుకుని, ముద్ర పైనా, కత్తిరింపులోనా అని కారణంతో సహా నాలుగు వాక్యాలు రాయండి.

5వ పాఠంలో భుజం కుట్టు ఒక్కటే చూస్తాం. పాత చొక్కా ఒకటి, కుట్లు విప్పే చిన్న కత్తెర ఒకటి దగ్గర పెట్టుకోండి. విప్పిన చొక్కా మళ్ళీ తొడుక్కోవడానికి పనికిరాదు, కాబట్టి ఇంట్లో అడిగి తీసుకోండి.