అమ్మినవాడు ఐపీ పెడితే కొన్న ఆస్తిని నిలబెట్టుకోవడం ఎలా

పొలమో ఇల్లో కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఏడాదిన్నరకు, అమ్మినాయన ఐపీ (అప్పులు తీర్చలేనంటూ కోర్టులో వేసే దివాలా పిటిషన్) పెట్టాడని తెలుస్తుంది. తర్వాత కొన్నాళ్లకు, ఆ అమ్మకాన్ని రద్దు చేయమని రిసీవర్ (దివాలా తీసినవాడి ఆస్తిని చూసేందుకు కోర్టు నియమించే అధికారి) వేసిన పిటిషన్ నోటీసు ఇంటికొస్తుంది. దస్తావేజు బీరువాలో ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. డబ్బు నిజంగా ముట్టిందా, కొన్నవాడు నిజాయితీగా కొన్నాడా అన్నవి దస్తావేజు ఒక్కదాంతో తేలవు. వాటికి కాగితాలు కొనే రోజే సిద్ధం చేసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో మామూలు వ్యక్తుల దివాలాకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే వర్తిస్తుంది. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చినా, అది కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే. పాత చట్టం సెక్షన్ 53 ప్రకారం, బదిలీ జరిగిన రెండేళ్లలోపు ఐపీ పిటిషన్ దాఖలై, దాని మీద అమ్మినవాణ్ని దివాలాదారుగా ప్రకటిస్తే, ఆ బదిలీని కోర్టు రద్దు చేయొచ్చు. లెక్కలోకి వచ్చేది పిటిషన్ వేసిన తేదీ. ఉత్తర్వు ఎన్నేళ్లకు వచ్చినా సరే. తగిన ప్రతిఫలం ఇచ్చి నిజాయితీగా కొన్నవాళ్లకు, తాకట్టు పెట్టుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. పెళ్లికి ముందు, ఆ పెళ్లి నిమిత్తమే రాసిచ్చిన ఆస్తికీ ఉంది. పెళ్లయ్యాక పసుపు కుంకుమల కింద గిఫ్టు డీడు రాస్తే ఈ పెళ్లి మినహాయింపు దొరకదు.

ఎక్కువమంది దెబ్బతినేది ధర దగ్గర. నలభై లక్షలకు బేరం కుదుర్చుకుని, స్టాంపు డ్యూటీ తగ్గుతుందని దస్తావేజులో పదిహేనే చూపించి, మిగతాది నగదుగా ఇస్తారు. రేపు రిసీవర్ ఆ పదిహేను లక్షల అంకెనే పట్టుకుని, కారుచౌకగా రాయించుకున్నారంటాడు. సద్భావం లేదని తేల్చాల్సిన భారం మొదట రిసీవర్ మీదే ఉన్నా, తక్కువ ధర ఆ భారాన్ని సగం దించేస్తుంది. నగదుగా ఇచ్చిన పాతిక లక్షలకు కొన్నవాడి దగ్గర ఆధారం ఉండదు. అందుకే అసలు ధరే రాయండి. అడ్వాన్సుతో సహా ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా పంపి, చెక్కు లేదా ఆర్టీజీఎస్ నంబరు, తేదీ దస్తావేజులో ఎక్కించండి. ఆ డబ్బు మీకెక్కడిదో చూపే పాస్‌బుక్, లోను కాగితాలు కూడా దాచుకోండి. చుట్టం దగ్గర కొంటుంటే ఇవన్నీ రెట్టింపు అవసరం, కోర్టు మరింత నిశితంగా చూస్తుంది.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయడం మంచిదే. కానీ అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, ఐపీ పిటిషన్ దాఖలైన సంగతి తెలియదు. ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవాడి పేరుతో వెతకండి. అతను ఉండే జిల్లాలోనూ, వ్యాపారం చేసే జిల్లాలోనూ, ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, ఇంటిపేరును ఇనిషియల్‌గా పెట్టి ఒకసారి చూడండి. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం మళ్లీ చూడండి. దానికి కారణం సెక్షన్ 55: పిటిషన్ పడ్డాక కొన్నా, ఆ సంగతి తెలియకుండా, ప్రతిఫలం ఇచ్చి, దివాలా ఉత్తర్వుకు ముందు కొంటే రక్షణ దొరుకుతుంది (సెక్షన్ 53, 54 వర్తించే బదిలీ కాకపోతే). ఉత్తర్వు వచ్చాక ఆస్తి రిసీవర్ పరమవుతుంది, కాబట్టి తెలియక కొన్నామన్నా ఈ సెక్షన్ కాపాడదు.

బ్యాంకు తాకట్టు ఉంటే ఆ బాకీని ధరలోంచి నేరుగా బ్యాంకుకే కట్టి, అదే దస్తావేజులో రాయండి. స్వాధీనం వెంటనే తీసుకోండి. అమ్మినవాడే ఇంకా అదే ఇంట్లో ఉంటే అమ్మకం ఉత్తుత్తిదన్న అనుమానానికి అదే పెద్ద ఊతం. అద్దెకు ఉంటే అద్దె ఒప్పందం, బ్యాంకులో పడ్డ అద్దె ఉండాలి.

నోటు బాకీ కింద పొలం రాయించుకున్నవాళ్ల సంగతి వేరు. అలా రాయించుకున్న మూడు నెలల్లోపు ఐపీ పిటిషన్ పడితే, మిగతా అప్పులవాళ్లను కాదని ఒకరికి మేలు చేశాడా అని సెక్షన్ 54 కింద చూస్తారు. ఇక్కడ ముఖ్యం అప్పుదారు ఉద్దేశం. తనంతట తాను పిలిచి రాసిస్తే ప్రమాదం. లాయరు నోటీసులకూ, దావాకూ తలొగ్గి రాసిస్తే మేలు చేసే ఉద్దేశం లేదని వాదించవచ్చు. కాబట్టి నోటీసు కాపీ, అందినట్టు రసీదు పారేయకండి. ఈ బదిలీ రద్దయినా అసలు బాకీ పోదు. మిగతా అప్పులవాళ్లతోపాటు దాన్ని దివాలా కోర్టులో రుజువు చేసుకోవాలి.

రిసీవర్ నోటీసు వస్తే ఊరుకోవద్దు. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, రద్దు చేస్తారు. కౌంటరులో (కోర్టుకు మీరిచ్చే రాతపూర్వక జవాబు) ధర, చెల్లింపు, స్వాధీనం, మీరు చేసిన విచారణ అన్నీ తేదీలతో రాసి, కాగితాలు జతచేయండి. సాక్షి సంతకం చేసినవాళ్లను, దస్తావేజు లేఖరిని సాక్ష్యానికి పిలిపించండి. ఓడిపోతే సెక్షన్ 75 కింద అప్పీలు గడువు జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు.