పార్కులో నీళ్లు నిలుస్తున్నాయా? డ్రెయిన్ కంటే ముందు మొక్కల్ని చూడండి

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నెలల్లోనే. మా కాలనీ పార్కులో అది ఇంకకుండా రోడ్డెక్కుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరిని అడిగినా "డ్రెయిన్ వేయించండి" అనేవాళ్లే. నా అనుభవంలో, ముందు చూడాల్సింది అక్కడ ఏం పెరుగుతోంది, దాని కింద నేల ఎలా ఉంది అన్నది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఖాళీ పెయింట్ డబ్బాకు మూత, అడుగు రెండూ కోసేసి రెండంగుళాలు నేలలోకి దించండి. ఒక లీటరు నీళ్లు పోసి, అవి ఇంకాక మరో లీటరు పోసి టైమ్ చూసుకోండి. లాన్‌లో ఒకసారి, పొదల దగ్గర ఒకసారి, చెట్టు కింద ఒకసారి. మా దగ్గర లాన్‌లో పోసిన నీళ్లు కదలనే లేదు. ఎవరూ ఊడవని మూలన, కానుగ చెట్టు కింద మాత్రం చూస్తుండగానే ఇంకిపోయాయి.

సమస్య: లాన్ పచ్చగానే ఉంది, కానీ కాసేపు వాన పడితే చెరువే

కారణం: పార్కుల్లో పరిచే మెత్తటి గడ్డి వేర్లు చాలావరకు పైపైనే ఉంటాయి. రోజూ కాసిన్ని నీళ్లు చల్లితే అవి లోతుకు పోవాల్సిన అవసరమే రాదు. పలకలుగా తెచ్చి పరిచిన గడ్డి అయితే, దాంతో వచ్చిన బంకమట్టి ఒక పొరలా అడ్డుపడుతుంది. దాని మీద మన నడక, పిల్లల క్రికెట్.

పరిష్కారం: నేల కాస్త తేమగా ఉన్నప్పుడు జానెడుకొకటి చొప్పున ఆరంగుళాల లోతు రంధ్రాలు చేసి, ఇసుక, కంపోస్టు కలిపి నింపండి. బురదగా ఉన్నప్పుడు మాత్రం అడుగు పెట్టకండి, ఇంకా గట్టిపడుతుంది. నీళ్లు రోజూ కాకుండా, పెట్టిన రోజు బాగా తడిసేలా పెట్టండి. ఎంత చేసినా పల్లంలో నీళ్లు నిలుస్తుంటే అక్కడ లాన్ మీద ఆశ వదులుకుని మెట్టతామర, వట్టివేరు వేయండి. వట్టివేరు రెండు మూడు మీటర్ల లోతుకు దిగగలదు, కొన్నాళ్లు నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది.

సమస్య: పెద్ద చెట్ల కిందే మట్టి కొట్టుకుపోయి వేర్లు తేలుతున్నాయి

చెట్టుంటే మట్టి కదలదనుకుంటాం. వాన వెలిశాక చెట్టు కింద గొంతుకూర్చుని చూడండి. చిన్న చిన్న గులకరాళ్లు మట్టి పీటలేసుకుని కూర్చున్నట్టు కనిపిస్తాయి. రాయి కింది మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది లేచిపోయింది.

కారణం: ఆకుల మీద పడ్డ చినుకులు ఒకదానితో ఒకటి కలిసి, వాన చినుకు కంటే పెద్ద బొట్లై ఎత్తు నుంచి పడతాయి. కింద ఆకులుంటే ఆ దెబ్బ అవి కాస్తాయి. మనమేమో శుభ్రత పేరుతో రోజూ తెల్లారేసరికి నున్నగా ఊడ్పిస్తాం. ఆ ఉత్త నేల మీద బొట్టు పడీపడీ పైన పెచ్చు కడుతుంది, ఇక నీరు లోపలికి పోదు.

పరిష్కారం: చెట్ల కింద ఊడవడం ఆపండి. రెండు మూడంగుళాల మందాన రాలిన ఆకులు ఉంచండి, కాండానికి మాత్రం తగలనీయొద్దు. నీడలో బతికే అడ్డసరం, సింగోనియం లాంటివి వేయండి. "చెత్తగా ఉంది" అని కంప్లైంట్లు వస్తాయి. వచ్చినవాళ్లను ఆ గులకరాళ్ల దగ్గరకు తీసుకెళ్లి చూపించండి.

సమస్య: వాన పడ్డా చెట్టు మొదట్లో తడే లేదు

చిన్న జల్లైతే చాలావరకు ఆకుల మీదే ఆగి ఆవిరైపోతుంది, అది మామూలే. పెద్ద వానకూ తడవకపోతే మొదట్లో వేసిన సిమెంటు గట్టే కారణం. కొమ్మల నుంచి కాండం మీదుగా జారే నీళ్లు దాని మీదుగా బయటకు పోతున్నాయి. వేర్లు తెగకుండా గట్టు తీసేసి పాదు చేయండి.

సమస్య: వాలులో నుంచి ఎర్రనీళ్లు రోడ్డు మీదకు

అందం కోసం విడివిడిగా నాటిన మొక్కల మధ్య ఖాళీ నేలే ఇందుకు కారణం. వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు దగ్గర దగ్గరగా వేసి, మధ్యలో గరిక పాకనివ్వండి.

ఇవన్నీ చేసినా నీళ్లు కదలకపోతే గడ్డపారతో మోకాలి లోతు తవ్వి చూడండి. మన ఊళ్లో చాలాచోట్ల అంతలోనే రాయి తగులుతుంది. అప్పుడు తప్పు మొక్కలది కాదు. అక్కడ ఇంకుడు గుంతకు డబ్బు పెట్టకండి, మిగులు నీటిని మట్టి లోతున్న మూలకు మళ్లించండి.