బీచ్ దగ్గర గదులు నడిపేవాళ్ళకు: దిగినవాళ్ళ చేత నీళ్ళు, ప్లాస్టిక్ తగ్గించే పద్ధతి

మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల గదులు అద్దెకిచ్చేవాళ్ళు ముందుగా ఒకటి గమనించాలి. సెలవుకు వచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్నంత పొదుపుగా ఉండరు. డబ్బు కట్టాం కదా అనుకుంటారు, కుళాయిలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో వాళ్ళకు కనపడదు. ‘పర్యావరణాన్ని కాపాడండి’ అని గోడకు అంటిస్తే చదివి మరిచిపోతారు. అందుకే బోర్డు రాయించే ముందు గదిలో అమరిక మార్చండి.

తువ్వాలుతో మొదలుపెట్టండి. అమెరికాలో ఒక హోటల్లో చేసిన పరిశోధన 2008లో అచ్చయింది. పర్యావరణం పేరు చెప్పిన కార్డు చూసి 35 శాతం మంది తువ్వాలు మళ్ళీ వాడారు. ‘ఇక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ వాడుతున్నారు’ అన్న కార్డుకు 44 శాతం మంది ఒప్పుకున్నారు. ‘ఇదే గదిలో దిగినవాళ్ళు’ అని రాస్తే ఇంకా బాగా పనిచేసింది. అయితే ఆ మాట నిజమై ఉండాలి. నెల రోజులు గదివారీగా నోటుపుస్తకంలో లెక్క రాసి, సగానికి పైగా వాడుతున్నారని తేలాకే కార్డు పెట్టండి.

ఎంత మంచి కార్డు పెట్టినా మన తీరంలో ఇది చెడేది ఒక్కచోటే. సముద్రపు గాలి తేమకు బాత్రూంలో వేసిన తువ్వాలు తెల్లారినా ఆరదు, ముక్క వాసన కొడుతుంది, కొత్తది అడుగుతారు. బాల్కనీలో ఎండ తగిలేచోట తాడు కట్టి, తువ్వాలుకు రెండేసి క్లిప్పులు పెట్టండి. క్లిప్పు లేకపోతే గాలికి ఎగిరి ఇసుకలో పడుతుంది, మళ్ళీ ఉతుకుడే. పనివాళ్ళు అడిగే తీరూ మార్చాలి. “దుప్పట్లు మార్చమంటారా అమ్మా?” అంటే ఎవరైనా మార్చమనే అంటారు. “ఈ రోజుకు ఇవే ఉంచుతున్నామమ్మా, కావాలంటే చెప్పండి, మారుస్తాం” అనాలి.

నీళ్ళ సంగతి మనకు ప్రాణంతో సమానం. తీరంలో ఇసుక కింద మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. మోటారు ఏకబిగిన గంటలకొద్దీ ఆడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి లేచి బోరు నీళ్ళు ఉప్పగా మారిపోతాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు విడతలుగా ఆడించండి. మామూలు షవర్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది. పది నిమిషాలు నిలబడితే 20 లీటర్ల బకెట్లు నాలుగైదు ఖాళీ అయినట్టే. సముద్ర స్నానం చేసి వచ్చినవాళ్ళు ఇసుక పోయేదాకా షవర్ కింద నుంచి కదలరు. అందుకని మెట్ల దగ్గరే సిమెంటు తొట్టి, రెండు చెంబులు పెట్టండి, కాళ్ళూ చేతులూ అక్కడే కడుక్కుంటారు. ఆ నీళ్ళు కంకర పోసిన గుంతలోకి వెళ్ళాలి. నేరుగా డ్రైనేజీ పైపులోకి వదిలితే ఇసుక పేరుకుని పైపు మూసుకుపోతుంది.

తాగే నీళ్ళు ఇంకో చిక్కు. జగ్గు మీరు లోపల నింపి తెస్తే అతిథి నమ్మడు, కొట్టుకెళ్ళి లీటరు బాటిల్ కొనుక్కుంటాడు. సీలున్న 20 లీటర్ల క్యాన్ వరండాలో అందరికీ కనిపించేలా పెట్టి, పక్కన స్టీలు సీసాలు ఉంచండి. కడిగే నీళ్ళలో ఉప్పుంటే స్టీలు మీద తెల్లటి పొర కడుతుంది, దాన్ని మురికి అనుకుంటారు. రోజూ చింతపండుతో తోమితే ఆ పొర పోతుంది.

భోజనం దగ్గర, నార్వే హోటళ్ళలో ప్లేటు సైజు తగ్గిస్తేనే పారేసే తిండి దాదాపు 20 శాతం తగ్గిందని 2013లో అచ్చయిన పరిశోధన చెప్పింది. మనం అరిటాకు వేసేవాళ్ళం కాబట్టి చిన్న గరిటె పట్టండి, అడిగినన్నిసార్లు వడ్డించండి. చేపల పులుసుకు మనిషికెన్ని ముక్కలో పొద్దున్నే అడిగి, ఆ లెక్కకే చేపలు కొనండి. ఏసీ రిమోట్ 24 డిగ్రీల దగ్గర పెట్టి ఇవ్వండి, చాలామంది మార్చరు.

ఇక బీచ్. అక్కడ మూత లేని చెత్తడబ్బా పెట్టొద్దు. కుక్కలు, కాకులు లాగుతాయి, గాలి మిగతాది సముద్రంలో కలుపుతుంది. బయల్దేరేటప్పుడే గోనెసంచి చేతికిచ్చి, “ఖాళీ సీసాలు, కవర్లు ఇందులో వేసి తెచ్చేయండన్నా, మేం చూసుకుంటాం” అనండి. వల లాగేవాళ్ళు చెప్పుల్లేకుండా నడుస్తారని, పగిలిన సీసా గుచ్చుకునేది వాళ్ళకేనని చెప్పండి. ఈ మాట పర్యావరణం మాటకన్నా బాగా ఎక్కుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, ఒక్కోటి సుమారు నూరు పెడుతుంది. టార్చి కొడితే పెట్టకుండానే తిరిగిపోవచ్చు. సుమారు 50 రోజులకు వచ్చే పిల్లలు వెలుతురున్న వైపే నడుస్తాయి. మీ బల్బు సముద్రం వైపు కొడుతుంటే అవి నీళ్ళకు పోకుండా రోడ్డు మీదికొస్తాయి. ఆ నెలల్లోనూ, గుడ్ల నుంచి పిల్లలు బయటికొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనూ బీచ్ వైపు లైట్లకు డొప్ప కట్టి వెలుగు నేలమీదికే పడేలా చూడండి, రాత్రి తొమ్మిది దాటితే ఆర్పేయండి. దిగినవాళ్ళ పిల్లలు ఆడుతూ ఇసుకలో తవ్విన గుంతలు పూడ్చి రమ్మనండి, తాబేలు పిల్ల అందులో పడితే ఎక్కలేదు.

కార్తీక పౌర్ణమి, సంక్రాంతి రద్దీలో ఇవన్నీ నోటితో చెప్పే తీరిక మీకుండదు. తాడు, తొట్టి, క్యాన్, సంచులు పండక్కి వారం ముందే సిద్ధంగా ఉండాలి. సంచులు గదికి రెండేసి పెట్టుకోండి, ఒకటి తడిసే ఉంటుంది.