విల్లీ క్లాన్సీ వారంలో పబ్బులు తిరగాలంటే

ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మాల్బే చిన్న ఊరు. ఆ ఊరి పైపర్ (పైప్స్ అనే తిత్తి వాద్యం వాయించేవాడు) విల్లీ క్లాన్సీ పేరుతో 1973 నుంచి జూలైలో జరిగే సంగీత వారంలో, రాత్రయితే పబ్బుల్లో కాలు పెట్టే చోటుండదు. పైగా పబ్బుకో పైంటు బీరు తాగితే మూడో చోటికే కడుపు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది.

అందుకని మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టండి. సెషన్లు, అంటే వాద్యకారులు పబ్బులో కూర్చుని కలిసి వాయించడాలు, అప్పటికే నడుస్తుంటాయి. ఫిడేలు, ఫ్లూటు, ఇలియన్ పైప్స్ (ఐరిష్ తిత్తి వాద్యం) దగ్గర నుంచి వినొచ్చు. కౌంటర్‌లో పైంటు బదులు ‘ఎ గ్లాస్’ అడగండి. అరపైంటు, అంటే 284 మిల్లీలీటర్లు పోస్తారు. పబ్బుకొకటి చాలు, మధ్యలో మంచినీళ్లు. వాయించేవాళ్ల మధ్య ఖాళీ కుర్చీ కనబడినా కూర్చోకండి, అది ఇంకో వాద్యకారుడి కోసం ఉంచింది కావచ్చు. గోడవారగా నిలబడటమే నాకిష్టం, పాట ఎవరు ఎత్తుకుంటున్నారో అక్కడి నుంచి చక్కగా కనబడుతుంది.

ఒక్క జాగ్రత్త: ఎవరైనా రౌండ్‌లో మీకూ కొనిపెడితే ఈ లెక్క పనిచేయదు, మీ వంతు వచ్చినప్పుడు అందరికీ కొనాల్సిందే. మొదటి గ్లాసుకు ముందే ‘నాది నేను తెచ్చుకుంటా’ అని నవ్వుతూ చెప్పేయండి.